సార్ కొలతలతో నా నడక

కేంద్రాధికారి గారి దివ్యసముఖమునకు,
నడక పునరావాస కేంద్రం.

అర్జీదారు: వంతెన కింద దుకాణం టైలరు. వయసు యాభై ఎనిమిది. అయిదు నెలల క్రితం పక్షవాతం వచ్చి ఎడమ కాలు పూర్తిగా, ఎడమ చెయ్యి కొంత పడిపోయినవాడు.

విషయం: నేను వేసిన తొమ్మిది వేల ఆరు వందల అడుగులు తమరి పేరున నమోదైనందున, నా వంతును రద్దు చేయుటను రద్దు చేయుట గురించి.

సూచిక: 1. నాకు అందిన నోటీసు. 2. ప్రారంభోత్సవం నాడు తమరు అన్న ఒక మాట.

అయ్యా,

తమరు పూర్తిగా కోలుకున్నందుకు ముందుగా నా అభినందనలు. తమరికి పక్షవాతం వచ్చిన సంగతి నాకు తెలియదు. బహుశా తమరికీ తెలిసి ఉండదు. అయినను తమ కేంద్రంలోని కంప్యూటరు ప్రకారం తమరికి జబ్బు చేసింది, తమరు క్రమం తప్పకుండా చికిత్సకు వచ్చారు, ఇప్పుడు కులాసాగా ఉన్నారు. చికిత్సకు రానివాణ్ణి నేనే.

నా దుకాణం పక్కన ఇరవై ఏళ్ళపాటు అర్జీలు రాసే పెద్దమనిషి ఒకాయన టైపు మిషను పెట్టుకుని కూర్చునేవాడు. ఈ అర్జీలో 'సదరు', 'కావున', 'అయినను' వగైరా ఆయన దగ్గర విని నేర్చుకున్నవి. మిగతావి నా సొంతం. మా ఆవిడ పక్కనే కూర్చుని రాసింది రాసినట్టు చదువుతూ, అధికారులకు రాయకూడనివి కొట్టేయిస్తున్నది. కొట్టివేతలకు మన్నించగలరు.

నా ఇబ్బందులు ఈ కింద వరుసగా విన్నవించుకొనుచున్నాను.

1. సదరు కేంద్రమునందు నడక మర్చిపోయిన వారికి మళ్ళీ నడక నేర్పు యంత్రము ఒకటి స్థాపించబడినది. పైన కొక్కెం, కొక్కేనికి బెల్టులు, కింద కదిలే పట్టా, రెండు పక్కలా ఇనుప కాళ్ళు. మనిషిని బెల్టులతో వేలాడదీసి, ఇనుప కాళ్ళను అతని కాళ్ళకు పట్టీలతో బిగిస్తారు. మీట నొక్కితే మోటార్లు తుంటినీ మోకాలినీ ఆడిస్తాయి. మొదటి రోజు ఫిజియోథెరపీ అమ్మాయి అంతా చక్కగా చెప్పింది.

"బాబాయ్ గారూ, మీ కాలు ఎంత చెయ్యగలదో అంతా దాన్నే చెయ్యనివ్వాలి. చాలనప్పుడే మోటారు అందుకుంటుంది. వారం వారం మోటారు సాయం తగ్గించుకుంటూ పోతాం. తప్పటడుగులు పడతాయి, భయపడకండి. తప్పులు చేస్తేనే మెదడు మళ్ళీ నేర్చుకునేది."

ఆ మాట నాకు నచ్చింది. నాలుగు గుడ్డలు పాడు చెయ్యకుండా కుట్టు నేర్చుకున్న టైలరును నేను చూడలేదు. మర్నాడే ఆ అమ్మాయిని ఇంకో కేంద్రానికి వేశారు. యంత్రమూ, ఆపరేటరూ మిగిలారు.

2. యంత్రం ముందుగా మనిషి కొలతలు అడుగుతుంది. తుంటి నుంచి మోకాలు ఎంత, మోకాలి నుంచి మడమ ఎంత అని. అది అడుగుతుంది గాని ఆపరేటరు చెప్పడు. తెర మీద అన్నిటికన్నా పైన కనిపించే పేరు నొక్కుతాడు. ఆ పేరు 'సార్'. అనగా తమరు.

"ఏం నాయనా, నా కొలతలు తీసుకోవా?" అని అడిగాను.

"అక్కర్లేదు బాబాయ్, ఉన్నాయి."

"ఎవరివి?"

"సార్‌వి."

"సార్ ఆరడుగుల మనిషి కదయ్యా! నేను ఆయన భుజానికి వస్తాను."

"సార్ స్వయంగా చెప్పారు బాబాయ్. ప్రారంభోత్సవం రోజు దీన్లో ఎక్కి పన్నెండు అడుగులు నడిచారు. దిగుతూ 'బాగుంది, ఇలాగే ఉంచండి' అన్నారు. ఇక దాన్ని మార్చడానికి నేనెవణ్ణి?"

తమరు దేని గురించి అన్నారో నాకు తెలియదు. గది శుభ్రంగా ఉందని అన్నారేమో, ఏసీ చల్లగా ఉందని అన్నారేమో. ఆ మాట ఇప్పుడు చీటీ అయి తెర పక్కన అతుక్కుని ఉన్నది: 'సార్ సెట్టింగు మార్చరాదు.' ఎర్ర సిరా, కింద రెండు గీతలు.

నలభై ఏళ్ళుగా మనుషులను కొలుస్తున్నవాణ్ణి. తమరి ఇనుప కాళ్ళలో రెండు రోజులు వేలాడాక టేపు లేకుండానే లెక్క తేలింది. తుంటి నుంచి మోకాలికి తమరిది పద్దెనిమిదిన్నర అంగుళాలు, నాది పదహారు. కాబట్టి యంత్రం మోకాలు నా మోకాలికి రెండున్నర అంగుళాల కింద వంగుతుంది. అక్కడ నాకు ఉన్నది ఎముక. ఎముక వంగదు కనుక తోలు లేస్తున్నది. ఆ మాట చెబితే ఆపరేటరు దూది ఇచ్చాడు. ఒక్కడి కొలతలతో ఎనిమిది మందికి పాంట్లు కుట్టి చూడమనండి, జనం నన్ను దుకాణంలోంచి బయటికి ఈడ్చి అడుగుతారు. తమ కేంద్రంలో మాత్రం (ఇక్కడ ఒక వాక్యం ఉండేది. మా ఆవిడ కొట్టేయించినది).

3. ఆ యంత్రం ఒక పేరు మీద మొదట ఎక్కినవారి నడకను గుర్తుపెట్టుకుని, ఆ పేరు నొక్కితే తర్వాత ఎక్కినవారి చేత అదే నడిపిస్తుంది. తమరి పన్నెండు అడుగులను అది ఎంతో భక్తిగా గుర్తుపెట్టుకున్నది. సదరు పన్నెండింటిలో ఏడో అడుగు దగ్గర తమరు కుడి కాలు ముందుకు పెట్టి, రెండు క్షణాలు అలాగే ఆగారు. ఫోటో తీసే ఆయన ఆ పక్కనే నిలబడ్డాడట. ఆ ఫోటో మెట్ల దగ్గర గోడకు ఉన్నది. చాలా బాగా వచ్చింది. పాంటు విషయం తర్వాత మనవి చేస్తాను.

తత్ఫలితంగా ఆ యంత్రం ఎక్కే రోగులం మేము ఎనిమిది మందిమీ, లారీ డ్రైవరు దగ్గర నుంచి రిటైరైన టీచరమ్మ గారి దాకా, ప్రతి పన్నెండు అడుగులకు ఒకసారి కుడి కాలు ముందుకు పెట్టి లేని ఫోటోగ్రాఫరు ముందు నిలబడుచున్నాము. టీచరమ్మ గారికి అది ఒంటబట్టింది. ఇంట్లో వాకరు పట్టుకుని నడిచేటప్పుడు కూడా ఏడో అడుగుకు ఆగిపోతున్నారట. వాళ్ళాయన కంగారుపడి "ఏమైంది, నొప్పా?" అని అడిగితే, "నాకేం లేదండీ, ఇది పైనుంచి వచ్చిన ఆర్డరు" అన్నారట.

4. మోటారు మీద నాకు పగ ఏమీ లేదు. నా కుట్టు మిషనుకు నేనే ఆరేళ్ళ క్రితం మోటారు బిగించుకున్నాను. అంతకు ముందు ముప్పై నాలుగేళ్ళు కాలితో తొక్కినవాణ్ణి. మోటారు పెట్టిన రెండో ఏడు అది కాలిపోతే, నాలుగు రోజులేగా అని పాత బెల్టు వేసి తొక్కబోయాను. చక్రం వెనక్కి తిరిగింది. దారం ఉండ చుట్టుకుంది. ముప్పై నాలుగేళ్ళు తొక్కిన కాలు, అడిగేవాడు లేక ఒక్క ఏడాదిలో పని మర్చిపోయింది. మళ్ళీ దారికి రావడానికి వారం పట్టింది. అప్పటికి నాకు జబ్బు కూడా లేదు.

తమరు ప్రారంభోత్సవం నాడు శ్రమ పడకూడదని తమరి పేరు కింద మోటారు సాయం నూటికి నూరు పెట్టారు. అది అలాగే ఉన్నది. నేను పళ్ళు బిగించి కాలు కదపబోయినా నడక అదే, కదపకపోయినా అదే. ఒకరోజు పరీక్షకని కళ్ళు మూసుకుని ఊరుకున్నాను. ఊరుకున్నవాణ్ణి ఊరుకోక నిద్రపోయాను. లేచేసరికి తెర మీద 'అద్భుతం!' అని వచ్చి ఉన్నది. ఆపరేటరు బయటికి వెళ్ళి మా ఆవిడతో, "పిన్నీ, బాబాయ్ ఇవాళ ఇరగదీశాడు!" అని చెప్పాడు. ఆమె ఆ సంతోషంతో దారి పొడుగునా నన్ను పొగుడుతూ చక్రాల కుర్చీ తోసింది. నిద్రపోయానని ఆమెకు ఈ అర్జీ చదివేదాకా తెలియదు. ఇప్పుడే తెలిసింది. ప్రస్తుతం మాట్లాడడం లేదు.

5. ఈ విధముగా వారానికి మూడు రోజుల చొప్పున నాలుగు వారాలు తమరి కాళ్ళతో నడిచిన మీదట, నాకు ఒక నోటీసు అందినది. 'పన్నెండు పర్యాయములు చికిత్సకు గైర్హాజరైనందున, వచ్చే సోమవారం నుండి తమ వంతు రద్దు చేయడమైనది.' నోటీసు పట్టుకుని రికార్డుల కిటికీ దగ్గరికి వెళ్ళాము. అక్కడ కూర్చునే అమ్మాయి నిదానస్తురాలు. కంప్యూటరు రెండుసార్లు చూసింది.

"మీరు రాలేదు పెద్దాయనా."

"రాకపోతే నీ ఎదురుగా ఉన్నదెవరమ్మా?"

"ఇవాళ వచ్చారు. ఆ పన్నెండు రోజులూ రాలేదు."

"రోజుకు ఎనిమిది వందల అడుగులు ఆ యంత్రంలో వేశానే!"

"అడుగులు ఉన్నాయండీ. కానీ అవి సార్‌వి."

"సార్ వచ్చి నడిచారా?"

"నేను చూసేది రికార్డు. మనిషిని చూడడం నా సీటు పని కాదు."

మా ఆవిడ కల్పించుకుని, "పోనీ, సార్‌ని ఒకమాట అడిగి చూడు తల్లీ," అన్నది.

ఆ అమ్మాయి గొంతు తగ్గించి, "సార్ దగ్గరికి వెళ్ళి 'మీకు పక్షవాతం వచ్చిందా' అని నేనెలా అడగనమ్మా? నా ఉద్యోగం ఉంచుతారా?" అన్నది. ఆమె భయం ఆమెది.

పాపం, తమరి ఫైలు మాత్రం చూపించింది. మా ఎనిమిది మంది అడుగులూ కలిసి డెబ్బై ఆరు వేల ఎనిమిది వందలు, అన్నీ తమరివే. 'రెండు కాళ్ళూ సమానం. తడబాటు లేదు. ఇంటికి పంపవచ్చు' అని రాసి ఉన్నది. ఈ నెల ఉత్తమ రోగి అని గోడకు అంటించిన కాగితంలో కూడా తమరి పేరే. మా ఎనిమిది మందికీ నోటీసులు వెళ్ళాయి. కాబట్టి సోమవారం నుంచి అంత పెద్ద యంత్రానికి మిగిలిన రోగి ఒక్కరే. ఉదయం తొమ్మిది గంటలకు తమరి వంతు. వదులు పాంటు వేసుకుని రాగలరు. బెల్టులు తొడల దగ్గర ఒరుసుకుంటాయి.

6. ఇది రాయాలా వద్దా అని మూడు రోజులు ఆలోచించాను. తొమ్మిదో రోజు నేను యంత్రంలో ఉండగా కరెంటు పోయింది. మోటార్లు ఆగిపోయాయి. ఆపరేటరు కాళ్ళ పట్టీలు వదులు చేసి, "కదలకు బాబాయ్," అని జనరేటరు చూడ్డానికి వెళ్ళాడు. నేను కొక్కేనికి వేలాడుతూ ఉన్నాను. ఎడమ కాలు వెనక ఎక్కడో ఉండిపోయింది. గదిలో చప్పుడు లేదు. మా ఆవిడ ఎదురుగా వచ్చి నిలబడి, "ఏమండీ, ఎవరూ లేరు, ఓసారి కదిపి చూడండి," అన్నది.

కదిపాను. అది తిన్నగా రాలేదు. పక్క నుంచి, పట్టా మీద ఈడ్చుకుంటూ, బొటనవేలు మడిచిపెట్టుకుని వచ్చింది. ఒక జానెడు వచ్చి ఉంటుంది. నేను కుట్టిన మొదటి చొక్కా చెయ్యి కూడా అంత వంకరగా లేదు. మా ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాకు ఏడుపు వచ్చింది, నవ్వూ వచ్చింది. వేలాడుతున్నవాడికి కళ్ళు తుడుచుకోవడం కూడా కుదరదు సార్.

అంతలో కరెంటు వచ్చింది. ఆపరేటరు వచ్చి చూసి, "బాబాయ్, కాలు తప్పు చోట ఉంది. వెనక్కి పెట్టు, రీసెట్ చెయ్యాలి," అన్నాడు. నేను పెట్టలేను కదా, అతనే వంగి, రెండు చేతులతో నా కాలు తీసి వెనక్కి పెట్టాడు. తర్వాత తమరి నడక మొదలైంది. ఏడో అడుగుకు ఫోటోకు నిలబడ్డాను.

ఆ జానెడు ఎక్కడా నమోదు కాలేదు. తమరి పేరున కూడా ఎక్కలేదు. ఈ అయిదు నెలల్లో నేను వేసిన ఒకే ఒక్క అడుగు అది.

నాకు పరుగు పందెం పిచ్చి లేదు. నా దుకాణంలో కత్తిరింపు బల్ల నుంచి మిషను దాకా అయిదు అడుగులు. కత్తిరించిన ముక్కలను ఇప్పుడు మా ఆవిడ తెచ్చి మిషను మీద పెడుతున్నది, నన్నూ తెచ్చి మిషను దగ్గర పెడుతున్నది. ఆమెకు నడుం నొప్పి ఉన్నది. ఆ అయిదు అడుగులు నాకు కావాలి. మొదట్లో గడిచే నెలలు బంగారం లాంటివని, వాటిని వదులుకోవద్దని ఆ ఫిజియోథెరపీ అమ్మాయి మరీ మరీ చెప్పింది. అందులో నాలుగు వారాలు తమరు కోలుకోవడానికి ఖర్చయిపోయాయి. ఉన్న వంతు కూడా పోతే ఈ కాలును ఇక అడిగేవాడు ఉండడు. అడిగేవాడు లేకపోతే ఏమవుతుందో పైన నాలుగో పేరాలో రాశాను. నాకు భయంగా ఉంది. ఈ మాట కొట్టేయమని మా ఆవిడ సైగ చేసింది, నేను కొట్టేయలేదు.

కావున తమరు దయతలచి,

(అ) మా ఎనిమిది మంది నోటీసులనూ రద్దు చేయించి, ఎవరి వంతు వారికి ఇప్పించవలెను.

(ఆ) తెర పక్కనున్న చీటీని తమరి స్వహస్తములతో పీకవలెను. ఇంకెవరూ పీకరు. ఆపరేటరు ఎదుట 'నేను అన్నది ఏసీ గురించి' అని ఒక్క ముక్క అంటే చాలును. నిజం కాకపోయినా ఫరవాలేదు.

(ఇ) యంత్రంలో నా కొలతలు నా పేరున ఎక్కించవలెను. కొలతల చీటీ ఈ అర్జీ వెనక గుండుసూదితో గుచ్చి ఉన్నది. చీటీలో తప్పుంటే నా చేత మళ్ళీ కత్తెర పట్టించకండి.

(ఈ) మోటారు సాయాన్ని నూరు నుంచి దించి, నా కాలికి ఎంత అవసరమో చూసి అంతే ఉంచవలెను. ఎంతన్నది చెప్పడానికి ఆ ఫిజియోథెరపీ అమ్మాయిని వెనక్కి పిలిపించవలెను. నేను తడబడితే తడబడ్డానని, కాలు ఈడిస్తే ఈడ్చానని ఉన్నది ఉన్నట్టు నమోదు చేయించవలెను. 'అద్భుతం' నాకు వద్దు. అది తమరే ఉంచుకోగలరు.

మామూలుగా అర్జీదారులు చివర్న అధికారి కాళ్ళు పట్టుకుంటారు. నాకు ఆ అవసరం కనిపించడం లేదు. నాలుగు వారాలుగా నేను వాటిలోనే ఉన్నాను.

ఇందులో కొట్టివేసిన చోట్ల ఏముందో ఊహించక, మిగిలినది మాత్రం సోమవారం ఉదయం తొమ్మిది లోపల చిత్తగించవలెను.

తమరి తొడల పొడుగు తెలిసిన,
తమ విధేయుడు,
వంతెన కింద టైలరు.

తాజా కలం: ఫోటోలో తమరి పాంటు చూశాను. ఎడమ కాలు అంచు నేలకు రాసుకుంటున్నది. అది కుట్టినవాడి తప్పు కాదు. తమరి ఎడమ కాలు కుడిదానికంటే పావు అంగుళం పొట్టి. యంత్రంలో నడిచేటప్పుడు నాకు తెలిసింది. రెండు కాళ్ళూ సమానమని ఫైల్లో ఉన్నది నమ్మకండి. దుకాణానికి వస్తే సరిచేసి ఇస్తాను. తమరిని ఒక్కసారి నిలబెట్టి కొలుస్తాను, ముందు వచ్చినవాడి కొలతలు తమరికి వెయ్యను.

ఇంకొకటి: ఇది రాస్తున్నది ఆయన భార్యనండీ. ఆయన పడుకున్నారు. ఈ ముక్క రాశానని ఆయనకి తెలీదు. నిద్రపోయిన సంగతి నాతో చెప్పలేదని కోపంగానే ఉంది, అది మేం చూసుకుంటాం.

అర్జీ నిన్ననే రాసేశారు. ఇవాళ పొద్దున దానికి గుచ్చాలని తన కొలతలు తీసుకోబోతే టేపు కనపడలేదట. అది మిషను సొరుగులో ఉంది. నేను వీధిలో ఒకాయనకి చొక్కా ఇస్తున్నాను. నన్ను పిలవకుండా తనే లేచారు. బల్ల పట్టుకుని ఒకటి వేశారు, బల్ల వదిలేసి రెండు వేశారు. నాలుగోది వెయ్యబోయి గుడ్డపీలికల మూట మీద పడ్డారు. నేను పరిగెత్తుకొచ్చేసరికి కిందపడి నవ్వుతున్నారు. "ఏడో అడుగు దాకా రాలేదే, ఫోటోకి నిలబడే బాధ తప్పింది," అన్నారు. దెబ్బ ఏం తగల్లేదండీ. లేపి కూర్చోబెట్టి, సొరుగులోంచి టేపు తీసిచ్చాను.

మార్కింగ్ సుద్దతో మిషను పక్క గోడ మీద రాసి పెట్టాను. అడుగులు మూడు. పడటం ఒకటి. పడింది కూడా రాయమన్నారు, రాశాను. పక్కన ఆయన పేరు రాశాను. మిషను దాకా ఇంకా రెండే ఉన్నాయి.

మీకు దండం పెడతాను, ఈ మూడూ మాత్రం మీ ఫైల్లోకి ఎక్కనివ్వకండి.